పెద్దాసుపత్రి దగ్గరి ఇడ్లీ బండి, పలక మీది లెక్క

గుంటూరు పెద్దాసుపత్రి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఒక సందు మొగలో, వేపచెట్టు కింద నిలిచే ఇడ్లీ బండి గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. బండికి బోర్డు లేదు. నడిపే ఆవిడ తన పేరు రాయవద్దని కోరారు కనుక, అక్కడికి వచ్చేవారంతా పిలిచినట్టే నేనూ ఆమెను పిన్నిగారనే రాస్తాను. ఆమె భర్త అందరికీ బాబాయిగారు. డిగ్రీ చదువుతున్న వాళ్ళమ్మాయి కాలేజీకి వెళ్ళేముందు లెక్కలు చూస్తుంది. నిరుడు జూలైలో ఒక చిన్న వీడియో వల్ల ఈ బండి సంగతి వారం తిరిగేలోగా ఊళ్ళు దాటిపోయింది. అది చూసి వెళ్ళినవారిలో నేనూ ఒకణ్ణి. అప్పటి నుంచి ఈ పది నెలల్లో వారానికి ఒకటి రెండుసార్లు అక్కడ తింటూనే ఉన్నాను. ఒక్కరోజు రుచి చూసి రాస్తున్నది కాదు.

ముందు ఇడ్లీ. ఇక్కడ ఇడ్లీలను గుడ్డ మీద వేస్తారు. వాయి దింపగానే బాబాయిగారు పళ్ళేన్ని బోర్లించి, గుడ్డ మీద చల్లటి నీళ్ళు చిలకరించి, రెండు అంచులూ పట్టుకుని మెల్లగా లాగుతారు. నాలుగు ఇడ్లీలూ గుడ్డ నేత అచ్చు వీపు మీద మిగుల్చుకుని విడివడతాయి. పొట్టు మినప్పప్పును రాత్రి నానబెట్టి, పొట్టు పూర్తిగా పోకుండా కడిగి రుబ్బుతారు కాబట్టి ఇడ్లీ తెల్లగా మెరవదు, కాస్త బూడిద రంగు కలిసి ఉంటుంది. కిలో పప్పుకు రెండు కిలోల రవ్వ అని పిన్నిగారు చెప్పారు, తింటే కూడా అది నిజమేననిపిస్తుంది: రవ్వ ఎక్కువైన ఇడ్లీ విరిచినప్పుడు పొడిపొడిగా రాలుతుంది, పప్పు ఎక్కువైతే నాలుకకు జిగటగా అంటుకుంటుంది, ఇక్కడ ఆ రెండూ లేవు. సోడా వేయరు. శీతాకాలంలో పిండి పులవడం ఆలస్యమై రెండు మూడు రోజులు ఇడ్లీ కొంచెం గట్టిగా వచ్చింది, అది కూడా చెప్పాలి.

ఇడ్లీ కంటే నాకు ఇష్టమైనది కారంపొడి. మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో కారంపొడి బాగుండటం విశేషం కాదనుకుంటాం గానీ, టిఫిన్ల దగ్గర పొట్లాల్లో కొన్న పొడి చల్లేవారే ఇప్పుడు ఎక్కువ. పిన్నిగారు ఘాటుకు తేజ రకం, రంగుకు బ్యాడిగ రకం మిరపకాయలు కొని, తొడిమలు తామే తీసి, ఒక ఎండ ఎండనిచ్చి, ధనియాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు విడివిడిగా వేయించి, చివర్లో పచ్చి వెల్లుల్లి పొట్టుతోనే వేసి దంచుతారు. వెల్లుల్లి తడి వల్ల పొడి పూర్తిగా పొడిలా ఉండదు, వేళ్ళకు కొంచెం అంటుతుంది. వేడి ఇడ్లీ మీద అది వేసి, పైన నెయ్యి పోసినప్పుడు వచ్చే వాసనకు సందు చివర నిలబడ్డవారు కూడా తల తిప్పుతారు. నెయ్యికి పది రూపాయలు అదనం. అల్లం పచ్చడి చింతపండు, బెల్లం సరిపడా పడి చక్కగా ఉంటుంది. పెసరట్టు ఫరవాలేదు. గారెలు ఆదివారం మాత్రమే వేస్తారు, ఎనిమిది దాటితే దొరకవు. నాలుగు ఇడ్లీల ప్లేటు 40 రూపాయలు. వీడియోకు ముందూ అదే ధర, తర్వాతా అదే ధర.

ఇక ఆ వీడియో. పల్నాడు వైపు నుంచి భార్యను తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్పించిన ఒక పెద్దాయన, ఒకనాటి ఉదయం ఈ బండి దగ్గర నిలబడి, జేబులో చిల్లర అరచేతిలో పోసుకుని, వేలితో ఒక్కొక్క నాణెం పక్కకు జరుపుతూ లెక్కపెట్టుకుని, రెండు ఇడ్లీలు మాత్రం ఇమ్మన్నారు. పిన్నిగారు నాలుగు పెట్టి, ఆయన గుప్పిటను తన చేత్తో మూసి, “ముందు తినన్నా, లెక్కదేముంది” అన్నారు. వరుసలో నిలబడ్డ వైద్య విద్యార్థి ఒకరు ఆ నలభై సెకన్లనూ ఫోనులో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. ఆ కుర్రవాడిది చెడు ఉద్దేశం కాదు, మంచి మాట పదిమందికీ తెలియాలనే పెట్టారు. లక్షల మంది చూశారు. మూడో రోజుకు సందులో బండి కనిపించనంత జనం. నాలుగో రోజు నుంచి తినకుండానే క్యూఆర్ కోడు స్కాన్ చేసి డబ్బు పంపేవారు మొదలయ్యారు. ఆ కోడు ఫోటో కూడా వీడియోతో పాటే తిరగడం వల్ల గుంటూరు ఎప్పుడూ చూడనివారు కూడా హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి పంపారు.

ఈ కథలో నన్ను కదిలించిన భాగం జనం చూసిన వీడియోలో లేదు. ఆ పెద్దాయన మొహం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఊళ్ళో బంధువులు చూశారు. ఆసుపత్రిలో ఉన్న భార్యకు ఎలా ఉందని అడగవలసినవారు, పట్నంలో అడుక్కుని తింటున్నావా అని ఫోను చేసి అడిగారు. ఆయన మర్నాటి నుంచి బండి వైపు రావడం మానేశారు. రెండు రోజులు చూసి పిన్నిగారే క్యారియరు పట్టుకుని వార్డుకు వెతుక్కుంటూ వెళ్ళారు. వెళ్ళి వచ్చాక ఆ విద్యార్థిని పిలిచి వీడియో తీసేయమన్నారు. అతను వెంటనే తీసేశారు, క్షమించమని ఆ పెద్దాయన దగ్గరకు వెళ్ళి అడిగారు కూడా. కానీ అప్పటికే దాన్ని దించుకుని మళ్ళీ పెట్టినవారు ఎందరో. అది ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంది. వచ్చిన డబ్బు గురించి నేను అడిగినప్పుడు పిన్నిగారు పిండి గరిటె ఆపకుండానే చెప్పిన మాట ఇది: “ఆ డబ్బు నా ఇడ్లీకి వచ్చింది కాదు బాబూ. ఆయన మొహం చూసి వచ్చింది. దాన్ని నా గల్లాపెట్టెలో ఎట్లా వేసుకునేది?”

వేసుకోకూడదని అనుకోవడం ఒక ఎత్తు, విడదీయడం మరో ఎత్తు. అమ్మకం డబ్బూ, సాయం డబ్బూ ఒకే ఖాతాలో పడ్డాయి. రోజూ టిఫిన్‌కు వచ్చే విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఖాతా వివరాలు అచ్చు తీయించి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, రెండు రాత్రులు ఒక్కొక్క పద్దుకూ ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టారు. 40, 50, 80, 120 ఉన్నవి టిఫిన్ డబ్బులు. 500, 1,000 ఉన్నవి సాయం. 116లు, 1,116లు ఉన్నవాటి గురించి ఆలోచించనే అక్కర్లేదు, టిఫిన్ తిన్నవాడు ఎవడూ నూటపదహార్లు ఇవ్వడు. అనుమానం ఉన్న ప్రతి పద్దునూ సాయం వైపే వేయమని పిన్నిగారు పట్టుబట్టారట. అలా తేలిన మొత్తం 96,400 రూపాయలు. ఆ కాగితాలు ఇప్పటికీ బండి కింది అరలో, ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. అడిగినవారికి అమ్మాయి తీసి చూపిస్తుంది, నాకూ చూపించింది.

ఇక్కడ ఒక విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలా ఉన్నట్టుండి పేరు వచ్చినవారికి డబ్బు పంపే మనలో చాలామందికి ఇది తెలియదు. ఒక ఆర్థిక సంవత్సరంలో బంధువులు కానివారి నుంచి ఊరికే వచ్చిన డబ్బు అంతా కలిపి 50,000 రూపాయలు దాటితే, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం దాటిన భాగమే కాక ఆ మొత్తమంతా ఆ మనిషి ఆదాయం కిందికి వస్తుంది. మనం ఆకలికని పంపిన సొమ్ము ఆవిడ పేరు మీద ఆదాయమై కూర్చుంటుంది. పంపినవారికి విరాళాల మీద దొరికే పన్ను మినహాయింపు కూడా రాదు. అది నమోదై అనుమతి పొందిన సంస్థలకు ఇచ్చినప్పుడే వస్తుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు పంపితే అది విదేశీ విరాళం అవుతుంది, దాన్ని సేవా పనికి తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి. భారత పౌరులుగానే ఉంటూ బయటి దేశంలో పనిచేసేవారు తమ సొంత సొమ్ము పంపితే అది విదేశీ విరాళం కాదు. ఫోనులో పడ్డ వెయ్యి రూపాయలు ఎవరివో, ఏ పౌరసత్వం ఉన్నవారివో ఇడ్లీ బండి నడిపే మనిషికి ఎలా తెలుస్తుంది? బ్యాంకు పెద్దాయన సలహాతో వారు పాత కోడును ఆ నెలలోనే రద్దు చేయించి కొత్తది తీసుకున్నారు, వచ్చిన మొత్తాన్ని రిటర్నులో చూపించారు, ఇకపై ఎవరు ఎంత ఇస్తామన్నా ఊరికే డబ్బు తీసుకోకూడదని నిర్ణయించుకున్నారు.

దాని బదులు పెట్టుకున్నదే బిళ్ళల పద్ధతి. నా దృష్టిలో ఈ బండి అసలు గొప్పతనం అక్కడే ఉంది. బండికి ఎడమ పక్కన మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి, అల్యూమినియం బిళ్ళలు కొన్ని ఉంటాయి. మీరు తిన్నదానికి డబ్బు కట్టేటప్పుడు, ఇష్టమైతే ఆసుపత్రి ప్లేటు ఒకటి అని చెప్పి 25 రూపాయలు అదనంగా ఇవ్వవచ్చు. ఒక బిళ్ళ మీ చేతికిస్తారు, మీరే డబ్బాలో వేయాలి. పప్పు, రవ్వ, గ్యాసు, పచ్చళ్ళు కలిపి తమకు పడే అసలు ఖర్చే 25, లాభం అందులో లేదు. ఆసుపత్రిలో రోగికి తోడుగా ఉన్నవారు తమ దగ్గర ఉండే సహాయకుల చీటీ చూపిస్తే ఒక ప్లేటు పెడతారు, డబ్బాలోంచి ఒక బిళ్ళ తీస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పడక మీద ఉన్న రోగికి భోజనం వస్తుంది, పడక పక్కన కూర్చున్న మనిషికి రాదు. ఆ మనిషి తన ఆకలిని ఎవరికీ చెప్పడు. కొన్నేళ్ళ క్రితం మా నాన్నగారికి తోడుగా ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాను. మందుల చీటీ చేతిలో ఉన్నప్పుడు టిఫిన్ మీద పెట్టే నలభై రూపాయలు ఎంత పెద్ద మొత్తంగా కనిపిస్తాయో అప్పుడు తెలిసింది.

మొదట విడదీసిన 96,400 రూపాయలను కూడా ఇదే ధరకు బిళ్ళలుగా మార్చి 3,856 అని పలక మీద రాశారు. ఆ పలక గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. చెక్క చట్రం ఉన్న పాతకాలపు రాతి పలక, చట్రానికి ఒక మూల తీగ చుట్టి ఉంటుంది, బండి గుంజకు వేలాడుతూ ఉంటుంది. అమ్మాయి రోజూ ఉదయం తడి గుడ్డతో తుడిచి మూడు వరుసలు రాస్తుంది: నిన్న వచ్చిన బిళ్ళలు, నిన్న పెట్టిన ప్లేట్లు, మిగిలినవి. అంతే. ఎవరు ఇచ్చారో ఉండదు, ఎవరు తిన్నారో ఉండదు. పక్కన పుస్తకంలో తేదీల వారీగా అవే అంకెలు ఉంటాయి. నేను ఒక ఆదివారం మొత్తం అక్కడే నిలబడి ప్లేట్లు లెక్కపెట్టుకుని, సోమవారం వెళ్ళి పలక చూశాను. నా లెక్కలో 109, పలక మీద 111. నేను నీళ్ళు తాగడానికి వెళ్ళిన సమయంలో ఇద్దరు వచ్చి ఉంటారు.

ఆదివారం ఎక్కువ ఎందుకంటే, అయిదు రూపాయలకు కడుపు నింపే అన్న క్యాంటీన్లకు ఆ రోజు సెలవు. 2024 ఆగస్టులో అవి తిరిగి తెరుచుకున్నాక ఊళ్ళో కూలీలకూ, ఆసుపత్రులకు వచ్చేవారికీ ఎంత ఊరట కలిగిందో అందరికీ తెలుసు. పిన్నిగారు దానికి పోటీగా ఏమీ పెట్టలేదు. మిగతా రోజుల్లో అరవై, డెబ్బై ప్లేట్లయితే ఆదివారం వందకు పైగా వెళతాయని రెండు వారాల లెక్క చూశాక అర్థమై, శనివారం రాత్రి మాత్రం రెండు కిలోల పప్పు అదనంగా నానబెడుతున్నారు.

ఊరికే పెట్టే ప్లేటు ఎలా ఉంటుందన్నది సమీక్షకుడిగా నేను గట్టిగా చూసిన విషయం. అవే నాలుగు ఇడ్లీలు, అదే వాయి, అదే కారంపొడి, అవే రెండు పచ్చళ్ళు, అదే స్టీలు ప్లేటు మీద అదే అరిటాకు ముక్క. వరుస కూడా ఒకటే, చీటీ ఉన్నవారికి విడిగా మరో వరుస లేదు. నగదు ఇచ్చే చేయీ చీటీ చూపే చేయీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నా ముందు నిలబడ్డ ఆవిడ డబ్బు కట్టిందో, చీటీ చూపిందో నాకు తెలియలేదు. రెండోసారి వడ్డన అడిగినవారికి కూడా కాదనరు, రెండు ఇడ్లీలు వేస్తారు, దానికి బిళ్ళ తీయరు. నెయ్యి మాత్రం డబ్బు కట్టినవారికే. అది సబబే అనుకుంటాను. పసిపిల్ల తల్లులు వచ్చినప్పుడు పిన్నిగారు ఆ నియమాన్ని తానే తప్పడం రెండుసార్లు చూశాను.

గుంజకు పలకతో పాటు ఒక అట్టముక్క కూడా కట్టి ఉంది: “తినేవారి ఫోటోలు తీయవద్దు.” ఇది అలంకారానికి పెట్టింది కాదు. దసరా సెలవుల్లో ముగ్గురు కుర్రాళ్ళు వచ్చి, యాభై బిళ్ళలు ఒకేసారి కొంటాం, తినేవాళ్ళు మా చేతి మీదుగా తీసుకుంటుండగా వీడియో తీసుకుంటాం అన్నారు. అప్పటికి వరుసలో చాలామందే ఉన్నారు, నేనూ ఉన్నాను. పిన్నిగారు బిళ్ళలు కొనండి, ఫోను జేబులో పెట్టుకోండి అన్నారు. వాళ్ళు కొనకుండానే వెళ్ళిపోయారు. యాభై ప్లేట్లు పోయాయి కదా అని వరుసలో ఎవరో అంటే, బాబాయిగారు గుడ్డ తడుపుతూ, “పోతే పోనీండి, ఒకాయన్ని పోగొట్టుకున్నది చాలు” అన్నారు. బండిని, ఇడ్లీని, పలకను ఎంతైనా తీసుకోవచ్చు. మనుషులను మాత్రం కాదు.

పేరు వచ్చిపడ్డాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియక దెబ్బతిన్నవారిని మనం ఇంతకుముందు చూశాం. 2020 అక్టోబరులో ఢిల్లీ మాళవీయ నగర్‌లో ‘బాబా కా ధాబా’ నడిపే ముసలి దంపతుల కన్నీళ్ళ వీడియో దేశమంతా చూసింది. సాయం వెల్లువలా వచ్చింది, ఆ సాయం లెక్కల మీదే వీడియో తీసిన యూట్యూబరుతో గొడవ వచ్చి పోలీసుల దాకా వెళ్ళింది, కొత్తగా పెట్టిన రెస్టారెంటు కొద్ది నెలల్లో మూతపడి వాళ్ళు తిరిగి పాత ధాబాకే వచ్చారు. తర్వాత రాజీ పడ్డారు, అది సంతోషం. కానీ ఆ గొడవ మూలం ఎవరి దుర్మార్గమూ కాదని, మొదటి వారంలో ఎవరూ ఒక పుస్తకం తెరవకపోవడమేనని నా అభిప్రాయం. మన తెలుగువారిలో ఇందుకు మంచి ఉదాహరణలూ ఉన్నాయి. యూట్యూబులో ‘గ్రాండ్‌పా కిచెన్’ వంటల వీడియోలతో పేరు తెచ్చుకున్న నారాయణరెడ్డి తాతగారు 2019 అక్టోబరులో కన్నుమూసేదాకా పెద్ద పెద్ద గిన్నెల్లో వండినదంతా అనాథ పిల్లలకే పెట్టారు. వీడియోల మీద వచ్చిన ఆదరణ తిరిగి ఆ గిన్నెల్లోకే వెళ్ళింది. 2014లో ఐస్ బకెట్ చాలెంజ్ ప్రపంచమంతా తిరుగుతున్నప్పుడు హైదరాబాదులో పాత్రికేయురాలు మంజులత కళానిధి దాన్ని రైస్ బకెట్ చాలెంజ్‌గా మార్చి, నెత్తిన నీళ్ళు పోసుకునే బదులు బకెట్టు బియ్యం అవసరమైనవారికి ఇవ్వమన్నారు. మాదాపూర్‌లో భోజనం బండి పెట్టుకుని 2024 మొదట్లో పేరు తెచ్చుకున్న కుమారి ఆంటీ, ఆ ఏడు సెప్టెంబరు వరదలప్పుడు తెలంగాణ ముఖ్యమంత్రి సహాయ నిధికి 50,000 రూపాయలు ఇచ్చారు. ఆ వరదల్లోనే బుడమేరు పొంగి ఇక్కడ విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఆ రోజుల్లో పులిహోర పొట్లం విలువ ఎంతో చూసినవారికి ఇలాంటి సాయాన్ని గురించి వేరే చెప్పక్కర్లేదు.

వీరందరి మధ్య ఈ బండి పద్ధతికి ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, అది వచ్చిన ఆదరణను వానాకాలపు నీళ్ళలా చూసింది. కురిసినప్పుడు చెరువు నింపుకోవాలి, ఎండాకాలంలో తూము తెరవాలి. మొదటి రెండు నెలలు రోజుకు నూటయాభై బిళ్ళల దాకా వచ్చాయి, పెట్టవలసిన ప్లేట్లు అరవయ్యే. మిగిలిన డబ్బు వేరే ఖాతాలో ఉండిపోయింది. దసరా నాటికి పలక మీద మిగిలినవి 8,000 దాటాయి. అప్పుడు చాలామంది రెండో బండి పెట్టమన్నారు, మధ్యాహ్నం భోజనం కూడా మొదలుపెట్టమన్నారు, కొందరు పెట్టుబడి పెడతామని కూడా వచ్చారట. ఆమె పెంచింది రెండే: పాత గ్రైండరు పక్కన ఇంకొకటి, పప్పు ఆరు కిలోల నుంచి ఎనిమిది కిలోలకు. అంతకు మించితే రుబ్బడం వేరేవాళ్ళకు అప్పగించాలి, అప్పుడు ఇడ్లీ నాది కాదు అన్నారు. ఇడ్లీ పాడైతే డబ్బిచ్చేవాళ్ళు రారు, వాళ్ళు రాకపోతే బిళ్ళలు రావు. ఇది ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

సంక్రాంతి తర్వాత నుంచి జనం పలచబడ్డారు. ఇప్పుడు వచ్చేవారు చాలావరకు పాతవారే: ఆసుపత్రి ఉద్యోగులు, వైద్య విద్యార్థులు, బ్రాడీపేట నుంచి, పట్టాభిపురం నుంచి నాలాగా వచ్చేవారు. ఈ నెలలో నేను చివరిసారి వెళ్ళినప్పుడు పలక మీద ఉన్న అంకెలు ఇవి: వచ్చినవి 31, పెట్టినవి 66, మిగిలినవి 548. ఈ లెక్కన జూన్ మొదటి వారానికి చెరువు అడుగు కనిపిస్తుంది. మరి అప్పుడేమిటని అడిగాను. బిళ్ళలు అయిపోయినా రోజుకు ఇరవై ప్లేట్లు తమ లాభంలోంచి పెడతామని, వీడియో తీసిన ఆ విద్యార్థి తన తరగతి వారితో మాట్లాడి నెలకు మూడు వందల బిళ్ళలకు ముందే డబ్బు కడతామని ఒప్పుకున్నారని అమ్మాయి చెప్పింది. ఆ రెండూ కలిపితే రోజుకు ముప్పై ప్లేట్లు, పలక మీద వచ్చే ముప్పై కలిస్తే అరవై. ఆదివారానికి ఇంకా చాలదు. ఆ సంగతి కూడా ఆ అమ్మాయే చెప్పింది, నేను అడగకముందే.

లోపాలు కూడా చెప్పాలి. కూర్చోవడానికి ఏమీ లేదు. ఆసుపత్రిలో రాత్రంతా మేలుకున్న మనిషి ప్లేటు పట్టుకుని నిలబడి తినవలసి రావడం నాకు బాధగా ఉంటుంది, రెండు బల్లలు వేస్తే బాగుండునని చెప్పాను, దారికి అడ్డమవుతుందని వాళ్ళ భయం. తొమ్మిది దాటాక అల్లం పచ్చడిలో నీళ్ళు పెరుగుతాయి, ఇది ఒకటి రెండుసార్లు కాదు, నేను ఆలస్యంగా వెళ్ళిన ప్రతిసారీ జరిగింది. పెనం ఒక్కటే కావడం వల్ల పెసరట్టు చెబితే ఇరవై నిమిషాలు పడుతుంది, అది వేస్తున్నంతసేపూ ఇడ్లీ వడ్డన కూడా నెమ్మదిస్తుంది. రద్దీ వేళల్లో పెసరట్టు ఆపేయడమే మేలు. చేతులు కడుక్కునే నీళ్ళ డ్రమ్ము కుళాయి వదులై ఎప్పుడూ కారుతూ, కింద బురదగా ఉంటుంది. ఊళ్ళో లేనివారు బిళ్ళ కొనాలంటే దారి లేదు. ఆ చివరిది లోపమని నేను అన్నాను గానీ, ఎదురుగా వచ్చి తిన్నవారి నుంచే తీసుకుంటామన్న వాళ్ళ మాటలో పాత అనుభవం ఉంది కనుక ఎక్కువ వాదించలేదు.

వెళ్ళదలచినవారికి: బండి ఉదయం ఆరున్నర నుంచి పదింటి వరకు, వారమంతా ఉంటుంది. బండిని మీరు ఎంత ఫోటో తీసుకున్నా, దారి చూపే మ్యాపులో గుర్తు పెట్టవద్దని పిన్నిగారి కోరిక. పెద్దాసుపత్రి దగ్గర ఏ ఆటో అన్నయ్యను అడిగినా వేపచెట్టు సందు చూపిస్తారు. రాత్రి డ్యూటీ నర్సులు దిగే వేళ, వార్డుల్లోకి డాక్టర్లు రాకముందే తోడున్నవారు తినేసి వెళ్ళాలి కాబట్టి, ఏడున్నర నుంచి ఎనిమిది వరకు దింపే వాయిలు వాళ్ళకే ముందు. ఆ అరగంటలో మీరు వరుసలో ఉంటే చీటీ చేతిలో ఉన్నవారిని ముందుకు పంపమని బాబాయిగారు అడుగుతారు. ఎనిమిదింటికి వెళ్ళండి, అల్లం పచ్చడి అప్పటికింకా చిక్కగానే ఉంటుంది.